కాలిన గాలి ఎటు పోతోంది? గీజరు, చిమ్నీ, కుంపటి వెనక ఉన్న లెక్క

విశాఖపట్నంలో ఇల్లు వెచ్చబెట్టుకోవలసిన అవసరం ఎవరికీ పెద్దగా రాదు. సముద్రం పక్కనే ఉండటం వల్ల డిసెంబరు చివరలో కూడా తెల్లవారుజామున చలి ఒంటికి తగులుతుందే తప్ప ఎముకల్లోకి దిగదు. అయినా కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చేసరికి ఒకే రకం వార్తలు మళ్లీ మళ్లీ చదువుతుంటాం. స్నానానికి వెళ్లిన మనిషి ఎంతసేపటికీ బయటికి రాలేదు. తలుపు పగలగొట్టి చూస్తే నేల మీద పడి ఉన్నారు, గ్యాస్ గీజరు ఇంకా వెలుగుతూనే ఉంది. లేదా మన్యానికి విహారానికి వెళ్లినవారు చలికి ఓర్వలేక గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసుకు పడుకున్నారు, తెల్లారి లేవలేదు.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ గ్యాస్ లీకైందని ఒకరు, గుండె ఆగిందని ఒకరు, ఊపిరాడలేదని మరొకరు అంటారు. ఈలోగా వంటింట్లో చిమ్నీ బిగించుకున్నవారికి తమది సురక్షితమైన ఇల్లేనా అన్న సందేహం మొదలవుతుంది. ఇవన్నీ వేర్వేరు విషయాలుగా కనిపిస్తాయి కానీ వీటి అడుగున ఉన్న ప్రశ్న ఒక్కటే: మంట కాల్చేసిన గాలి ఎటు పోతోంది, దాని స్థానంలోకి కొత్త గాలి ఎటునుంచి వస్తోంది? ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్ననే పట్టుకుని నడుస్తుంది.

చిమ్నీ అన్న మాటకు మూడు అర్థాలు

గందరగోళంలో సగం ఈ మాటతోనే మొదలవుతుంది. చలి దేశాల ఇళ్లలో గోడలో కట్టిన నిప్పుగూడు నుంచి పైకప్పు దాటి పోయే ఇటుక గొట్టం చిమ్నీ. దాని పని మంట నుంచి పుట్టిన పొగను, కంటికి కనబడని వాయువులను ఇంటి బయటికి చేర్చడం. మనకు ఉక్కు ఫ్యాక్టరీ వైపు వెళ్తే ఆకాశాన్ని అంటుతూ కనిపించే పొగగొట్టాలు కూడా అదే జాతికి చెందినవి.

మన ఫ్లాటుల్లో పొయ్యి పైన బిగించే స్టీలు పెట్టె వేరు. అది మోటారుతో గాలిని గుంజే ఫ్యాను. దానిలోనూ రెండు రకాలున్నాయి. ఒక రకం గుంజిన గాలిని గొట్టం గుండా గోడ బయటికి తోస్తుంది. రెండో రకానికి గొట్టం ఉండదు. బొగ్గుపొడి ఫిల్టరు గుండా గాలిని నడిపి తిరిగి వంటింట్లోకే వదులుతుంది. ఈ రెండో రకం నూనె ఆవిరినీ తాలింపు ఘాటునూ కొంత తగ్గిస్తుంది కానీ, గ్యాస్ కాలినప్పుడు పుట్టే వాయువులను ఇంట్లోంచి తీసివేయదు. కొనేటప్పుడు దుకాణంలో ఈ తేడాను ఎవరూ నొక్కి చెప్పరు.

మూడోది గ్యాస్ గీజరు నెత్తిన ఉండే నాలుగైదు అంగుళాల రేకు గొట్టం. చాలా ఇళ్లలో చిమ్నీ అనిపించుకునే అర్హత నిజానికి దానికే ఉంది. ఎవరూ ఆ పేరుతో పిలవనిదీ, తరచు అసలే బిగించకుండా అట్టపెట్టెలోనే ఉండిపోయేదీ అదే.

మంట సరిగా కాలకపోతే ఏం పుడుతుంది

గ్యాసైనా కట్టెలైనా బొగ్గయినా వాటిలో కాలేది ముఖ్యంగా కార్బన్. గాలి సమృద్ధిగా అందితే ఒక్కో కార్బన్ పరమాణువు రెండేసి ఆక్సిజన్ పరమాణువులతో కలిసి కార్బన్ డయాక్సైడు అవుతుంది. గాలి చాలకపోతే ఒక్క ఆక్సిజనుతోనే సరిపెట్టుకుని కార్బన్ మోనాక్సైడు అవుతుంది. ఈ రెండో వాయువే ప్రాణాంతకం.

దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి వెలువడిన స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి మన నగరానికి మరిచిపోలేని గాయం. ఆ ఆవిరికి ఘాటైన వాసన ఉంది, కళ్లు మండించే గుణం ఉంది. మోనాక్సైడుకు ఆ పాటి హెచ్చరిక కూడా లేదు. రక్తంలో ఆక్సిజనును మోసే హీమోగ్లోబినుకు అది ఆక్సిజను కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. అందువల్ల గాలిలో అది ఉన్నది చాలా కొద్దిగానే అయినా, పీల్చేకొద్దీ రక్తంలో పేరుకుంటూ ఆక్సిజనుకు చోటు లేకుండా చేస్తుంది.

దీని మోతాదును పీపీఎంలో కొలుస్తారు. అంటే పది లక్షల పాళ్ల గాలిలో అది ఎన్ని పాళ్లు ఉందని. సుమారు 400 పీపీఎం దగ్గర ఒకటి రెండు గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. 800 దగ్గర ముప్పావు గంటలో తల తిరిగి వికారం కలుగుతుంది, రెండు గంటల్లో స్పృహ పోవచ్చు. 1,600 దగ్గర ఇరవై నిమిషాల్లోనే లక్షణాలు కనిపిస్తాయి, గంటలో ప్రాణం పోవచ్చు. 3,200 దగ్గర అరగంట వ్యవధి కూడా ఉండదు.

వంటగ్యాస్ లీకవడం దీనికి పూర్తిగా భిన్నమైన ప్రమాదం. సిలిండరులోని గ్యాస్ కాలకముందు గాలి కంటే బరువు కాబట్టి నేల మట్టానికి దిగి పరుచుకుంటుంది, దానికి కలిపిన మందు వల్ల కుళ్లిన క్యాబేజీ వంటి వాసన వస్తుంది, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. మోనాక్సైడు కాలిన తరువాత పుట్టేది. దాని బరువు దాదాపు గాలి బరువే కనుక పైకీ కిందికీ పోకుండా గదంతా సమంగా కలిసిపోతుంది. గీజరు ప్రమాదాల్లో సిలిండరు, రెగ్యులేటరు, గొట్టం అన్నీ సవ్యంగానే ఉన్నాయని తేలినప్పుడు బంధువులు నమ్మలేకపోవడానికి ఈ తేడా తెలియకపోవడమే కారణం.

ఒక స్నానాల గది లెక్క

అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తు ఉన్న స్నానాల గదిని తీసుకుందాం. అక్కయ్యపాలెంలోనో గాజువాకలోనో పాత అపార్టుమెంటులో మామూలుగా కనిపించే కొలతే ఇది. అందులో పట్టే గాలి 315 ఘనపుటడుగులు, అంటే సుమారు 8,900 లీటర్లు.

నిమిషానికి ఆరు లీటర్ల వేడినీళ్లు ఇచ్చే గ్యాస్ గీజరు నీటిని పాతిక డిగ్రీలు వేడెక్కించాలంటే నిమిషానికి దాదాపు 16 గ్రాముల గ్యాస్ కాల్చాలి. కిలో వంటగ్యాస్ పూర్తిగా కాలడానికి సుమారు 13,000 లీటర్ల గాలి కావాలి. ఆ ప్రకారం గీజరుకు నిమిషానికి కావలసిన గాలి 200 లీటర్ల పైమాటే. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి పీల్చేది ఏడు లీటర్లకు అటూ ఇటూ. అంటే ఆ చిన్న గదిలో స్నానం చేస్తున్న మనిషితో పాటు మరో పాతిక మందికి పైగా నిలబడి గాలి పీల్చుకుంటున్నట్టు లెక్క.

గది పూర్తిగా మూసి ఉందనుకుంటే పది నిమిషాల్లో ఆక్సిజను 21 శాతం నుంచి 16 దరిదాపులకు, పావుగంటలో 14 దరిదాపులకు దిగిపోవాలి. నిజానికి అంతదాకా పోకముందే మంట తడబడుతుంది. నీలం కొసలు పసుపెక్కుతాయి, గ్యాస్ సగం సగం కాలి మోనాక్సైడు ఒక్కసారిగా పెరుగుతుంది. ప్రాణం తీసేది ఈ దశే. స్నానం మొదట్లో అంతా బాగానే ఉంటుంది కాబట్టి నిన్నటిదాకా ఏమీ కాలేదన్న ధైర్యం మనుషులను మోసం చేస్తుంది. నిన్న అయిదు నిమిషాల్లో ముగిసిన స్నానం ఇవాళ తలంటు వల్ల ఇరవై నిమిషాలైతే, అదే గది, అదే గీజరు వేరుగా ప్రవర్తిస్తాయి. ఒకరి తరువాత ఒకరు వరసగా స్నానాలు చేసే పండుగ పూట మూడో మనిషికి ఉన్న ముప్పు మొదటి మనిషికి ఉండదు.

వెంటిలేటరు ఉంది కదా అనవచ్చు. ఉంటుంది, కానీ చలికాలంలో దానికి అట్టముక్క అడ్డం పెట్టడం, దోమలకని ప్లాస్టిక్ షీటు అంటించడం మనకు అలవాటు. అంతకంటే పెద్ద చిక్కు కట్టడంలోనే ఉంది. చాలా అపార్టుమెంటుల్లో స్నానాల గదుల వెంటిలేటర్లు వీధి వైపు తెరుచుకోవు, పైపులు దిగే ఇరుకు డక్టులోకి తెరుచుకుంటాయి. కింది అంతస్తువారి గీజరు గొట్టం ఆ డక్టులోకే వదిలితే, ఆ గాలి పైకి లేచి పై అంతస్తువారి వెంటిలేటరు గుండా లోపలికి రాగలదు. అప్పుడు గీజరే లేని ఇంట్లో మనిషికి తల తిరుగుతుంది. ఇది ఒక ఇంటివారు ఒంటరిగా పరిష్కరించుకోలేని సమస్య కనుకనే అపార్టుమెంటు సంఘాల సమావేశాల్లో దీనికి చోటు దక్కాలని నేను గట్టిగా నమ్ముతాను.

గొట్టం లాగడం అంటే

మేస్త్రీలు పొయ్యి కట్టేటప్పుడు ఒక మాట అంటారు: గొట్టం లాగుతోందా లేదా చూడాలి. ఆ లాగుడే చిమ్నీ శాస్త్రమంతా. వేడి గాలి తేలిక కనుక గొట్టంలో పైకి లేస్తుంది, దాని వెనక కింది నుంచి కొత్త గాలి వస్తుంది. గొట్టం ఎంత పొడవైతే, లోపలి గాలి ఎంత వేడిగా ఉంటే అంత బలంగా లాగుతుంది.

అయితే ఆ బలం మనం ఊహించే దానికంటే చాలా తక్కువ. బయట 27 డిగ్రీలు, గొట్టంలో 150 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. మీటరు పొడవు నిలువు గొట్టం పుట్టించే లాగుడు మూడున్నర పాస్కళ్లకు మించదు. పాస్కల్ అన్నది పీడనానికి కొలత. ఒక కాగితం బల్ల మీద పడి ఉంటే తన బరువుతో కలిగించే ఒత్తిడి ఒక పాస్కలుకు కొంచెం తక్కువ. అంటే నాలుగైదు కాగితాల బరువంత బలంతోనే ఆ గొట్టం మన ప్రాణాన్ని కాపాడుతోంది.

దీనికి ఎదురు నిలిచేవి మన నగరంలో రెండున్నాయి. ఒకటి సముద్రపు గాలి. మధ్యాహ్నం తరువాత తీరం నుంచి గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి నేరుగా గోడకు తగిలితే కలిగించే పీడనం 15 పాస్కళ్లు. తూర్పు గోడకు అడ్డంగా పెట్టి, పైన టోపీ కూడా లేకుండా వదిలేసిన గొట్టంలోకి ఆ గాలి చొరబడితే, మూడున్నర పాస్కళ్ల లాగుడు ఓడిపోతుంది, కాలిన గాలి వెనక్కి తిరిగి గదిలోకే వస్తుంది. ఉదయం స్నానాలకు లేని ఇబ్బంది సాయంత్రం స్నానాలకు వచ్చిందంటే ఇదొక కారణం కావచ్చు.

రెండోది వంటింటి చిమ్నీ. లేబుల్ మీద గంటకు వెయ్యి ఘనపు మీటర్లని ఉంటే, ఆ లెక్క నిజమైన పక్షంలో వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటులోని గాలి మొత్తాన్ని అది 17 నిమిషాల్లో బయటికి తోయగలదు. గొట్టం వంపుల వల్ల నిజంగా అంత పోదు, కానీ సగం పోయినా చిన్న మాట కాదు. పోయిన గాలికి బదులు గాలి ఎక్కడో ఒకచోటు నుంచి రావాలి. కిటికీలు మూసి ఏసీ వేసుకున్న ఇంట్లో అది దొరికిన సందులన్నిటి నుంచీ వస్తుంది. వాటిలో గీజరు గొట్టం ఒకటి.

ఈ విషయం పుస్తకంలో చదివినప్పుడు నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. ఎం.వి.పి. కాలనీలో మా అత్తయ్య ఫ్లాటులో గీజరు వంటింటిని ఆనుకుని ఉన్న వాష్ ఏరియాలో ఉంటుంది. ఆ వాష్ ఏరియాకు అద్దాల తలుపు బిగించి గదిలా చేసేశారు. ఒక సాయంత్రం గీజరు వెలిగించకుండానే దాని గొట్టం మొదట్లో వెలిగించిన అగరుబత్తి పట్టుకుని నిలబడ్డాను. పొగ సన్నని దారంలా నిటారుగా లేచి గొట్టంలోకి పోతోంది. అత్తయ్య వంజరం ముక్కలు వేయించడానికి చిమ్నీని పెద్ద స్పీడులో పెట్టింది. నేను పది లెక్కపెట్టే లోపు ఆ దారం వణికింది, వంగింది, గొట్టాన్ని వదిలేసి వంటింటి గుమ్మం వైపు పడుకున్నట్టు పారింది. వంటింటి కిటికీ జానెడు తెరవగానే మళ్లీ నిటారుగా లేచింది. "కిటికీ తీస్తే దోమలు వచ్చేస్తాయిరా" అంది అత్తయ్య, కానీ పొగ వంగడం ఆమె కూడా చూసింది. ఇప్పుడు ఆ కిటికీకి జాలి తలుపు ఉంది. గీజరు వెలిగి గొట్టం వేడెక్కితే లాగుడు కొంత బలపడుతుందన్న మాట నిజమే. చిమ్నీ మోటారుతో పోల్చితే ఆ బలం ఏపాటిదో పై లెక్కలు చెబుతున్నాయి.

తీరప్రాంతానికి ఇంకొక ప్రత్యేక సమస్య తుప్పు. కిలో గ్యాస్ కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. అది గొట్టంలో చల్లబడి లోపలి నుంచి రేకును తింటుంది, ఉప్పుగాలి బయటి నుంచి తింటుంది. బీచ్ రోడ్డుకు దగ్గరి ఇళ్లలో ఇనుప గ్రిల్లులు ఎంత త్వరగా పొరలు లేస్తాయో మనకు తెలిసిందే. గొట్టం మాత్రం తలెత్తి చూడని చోట ఉంటుంది కాబట్టి, గోడ లోపలి వంపు దగ్గర చిల్లు పడినా కొన్నేళ్ల దాకా ఎవరి కంటా పడదు.

కొండ మీద కుంపటి

నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే లెక్క మారిపోతుంది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు ప్రాంతాల్లో చలి నిజమైన చలి. సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో కొన్ని రాత్రులు గడ్డి మీద మంచు పేరుకునేంత చలి పడుతుంది. నగరం నుంచి స్వెట్టరు కూడా సరిగా లేకుండా వెళ్లినవారు, రాత్రి ఆరుబయట వేసుకున్న నెగడు చల్లారాక మిగిలిన నిప్పుల్ని మూకుడులో పోసుకుని గదిలోకో గుడారంలోకో తెచ్చుకుంటారు. పొగ రావడం లేదు కనుక ప్రమాదం లేదనుకుంటారు.

బొగ్గు దాదాపు అంతా కార్బనే. కణకణలాడే బొగ్గుల కుప్ప లోపలికి గాలి సరిగా చేరదు కాబట్టి, పొగ ఏమీ లేకుండానే అది మోనాక్సైడును ధారాళంగా పుట్టిస్తుంది. అరకిలో బొగ్గులోని కార్బనులో పదో వంతు మాత్రమే అలా మారిందనుకుందాం. దాని నుంచి సుమారు వంద లీటర్ల మోనాక్సైడు వస్తుంది. పది అడుగులకు పన్నెండు అడుగుల గది, పది అడుగుల ఎత్తుంటే, అందులో 34,000 లీటర్ల గాలి ఉంటుంది. భాగించి చూస్తే దాదాపు 3,000 పీపీఎం. నిజమైన గదికి సందులుంటాయి కనుక అంత చేరకపోవచ్చు. మూడో వంతు చేరినా, స్పృహ పోగొట్టగలదని పైన చెప్పిన 800 పీపీఎం హద్దు దాటిపోయినట్టే. గుడారం ఈ గదిలో నాలుగో వంతు కూడా ఉండదు.

పక్కన గిన్నెతో నీళ్లు పెడితే ఆ నీళ్లు విషవాయువును పీల్చుకుంటాయన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది. ఇది తప్పు. మోనాక్సైడు నీటిలో దాదాపు కరగదు. 3,000 పీపీఎం గాలి కింద పెట్టిన లీటరు నీటిలో కరిగేది ఒక మిల్లీలీటరులో పదో వంతు కూడా ఉండదు, గదిలో ఉన్నది వంద లీటర్లు.

ఇక్కడ న్యాయంగా చెప్పుకోవలసిన మాట ఒకటుంది. అదే కొండల మీద గిరిజన కుటుంబాలు తరతరాలుగా ఇంటి మధ్య పొయ్యి పెట్టుకునే బతుకుతున్నాయి కదా, వారికి కాని హాని పర్యాటకులకు ఎందుకవుతుంది అని అడగవచ్చు. గడ్డి కప్పుకూ గోడకూ మధ్య సందు, పెంకుల ఖాళీలు ఆ ఇళ్లకు పొగగొట్టాల పని చేస్తాయి. పొయ్యి మీది అటకకు వేలాడదీసిన మొక్కజొన్న కంకులకు ఆ పొగే పురుగు పట్టకుండా కాపు. కప్పు గడ్డికి చెద పట్టకుండా చూసేదీ అదే. అందువల్ల పొయ్యిని బయటికి తరలించాలని చెప్పినప్పుడు, మరి విత్తనాన్ని ఎలా కాపాడుకోవాలని ఇంటివారు అడిగితే అది మొండితనం అనిపించుకోదు.

అయినా ఆ పొగ ఎవరినీ ఏమీ చేయలేదనడం సరికాదు. ఇంటి లోపలి వంటచెరకు పొగ వల్ల ప్రపంచం మొత్తం మీద 2020లో 32 లక్షల అకాల మరణాలు సంభవించాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఊపిరితిత్తుల జబ్బులు, పసిపిల్లల న్యుమోనియా, కళ్లకు శుక్లాలు ఆ పొగతో ముడిపడి ఉన్నాయి. ఒకటి రాత్రికి రాత్రి చంపేది, ఇంకొకటి ఏళ్ల తరబడి నమిలేది. కప్పుకు కాంక్రీటు స్లాబు వేసుకుని, తలుపు కిటికీలు బిగువుగా పెట్టుకుని, పొయ్యి మాత్రం పాత చోటే ఉంచిన కొత్త ఇళ్ల విషయంలో నాకు ఎక్కువ భయం. పాత ఇంటికి ఊపిరి ఇచ్చిన సందులు అక్కడ పోయాయి, మంట మాత్రం అలాగే ఉంది.

తుపాను రోజుల జనరేటరు కూడా ఈ కుటుంబంలోదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన తరువాత నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు వర్షానికి తడుస్తుందని చిన్న పెట్రోలు జనరేటరును వరండాలోనో మెట్ల కిందో నడిపితే, అది గీజరు కంటే ఎన్నో రెట్లు మోనాక్సైడును ఇంట్లోకి పంపగలదు.

గ్యాసా, కరెంటా అన్న తగువు

గ్యాస్ గీజర్లను పూర్తిగా మానేయాలని వాదించేవారున్నారు. వారి కారణం సూటిగా ఉంది: అజాగ్రత్తకు ప్రాణమే మూల్యం అయ్యే వస్తువును, తలుపు గడియ పెట్టుకుని ఒంటరిగా ఉండే గదిలో పెట్టడమే తప్పు. ఎదుటి పక్షం చెప్పేదీ కొట్టిపారేయదగినది కాదు. గీజరును బయటి గోడకు, గాలాడే బాల్కనీకి బిగించి, వేడినీటి పైపు మాత్రమే లోపలికి తెస్తే ఈ చర్చకే తావులేదు. కరెంటు గీజరు వల్ల షాకు కొట్టి పోయినవారూ ఉన్నారు కదా అంటారు. పాత వైరింగు, ఎర్తింగు సరిగా లేని ఇంట్లో రెండు కిలోవాట్ల గీజరుకూ, బకెట్లో వేలాడే హీటరు కడ్డీకీ తమ ప్రమాదాలు తమకున్నాయి. 30 మిల్లీఆంపియర్ల లీకుకే కరెంటును ఆపే పరికరం మెయిన్ బోర్డులో ఉంటే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. గ్యాస్ గీజరు లోపల దానికి సమానమైన భరోసా లేదు. కొన్నిటిలో ఆక్సిజను తగ్గితే ఆపే సెన్సరు, ఇరవై నిమిషాలకు ఆగిపోయే ఏర్పాటు ఉంటాయి. అవి మేలే, కానీ ఆ సెన్సరు గమనించేది ఆక్సిజను తగ్గుదలనే తప్ప మోనాక్సైడును కాదు. మసి పట్టిన బర్నరు ఆక్సిజను నిండుగా ఉన్న గదిలోనూ మోనాక్సైడు పుట్టించగలదు.

గ్యాస్ చవక అన్న మాటను కూడా ఒకసారి లెక్క వేసి చూడాలి. ఇరవై లీటర్ల బకెట్టు నీళ్లను 16 డిగ్రీలు వేడెక్కించడానికి కరెంటయితే సుమారు 0.4 యూనిట్లు, గ్యాసయితే సుమారు 36 గ్రాములు ఖర్చవుతాయి. ఉదాహరణకు యూనిటు 6 రూపాయలు, 14.2 కిలోల సిలిండరు 900 రూపాయలు అనుకుంటే కరెంటు బకెట్టుకు 2 రూపాయల 40 పైసలు, గ్యాస్ బకెట్టుకు 2 రూపాయల 30 పైసలు. ధరలు మారితే తూకం అటో ఇటో మొగ్గుతుంది కానీ, ప్రాణభయాన్ని పక్కన పెట్టించేంత తేడా అందులో నాకు కనిపించలేదు. ట్యాంకు వేడెక్కేదాకా ఆగనక్కరలేదన్నదే గ్యాస్ గీజరుకు మిగిలిన నిజమైన సౌకర్యం.

వంటింటి చిమ్నీ విషయంలో మంట ప్రమాదం వేరుగా ఉంది. ఫిల్టరులోనూ, ముడతల అల్యూమినియం గొట్టంలోనూ పేరుకున్న నూనె జిడ్డుకు బాణలి మంట అంటుకుంటే, మోటారే ఆ మంటను గొట్టంలోకి లాక్కుపోతుంది. చలి దేశాల ఇటుక చిమ్నీల్లో పచ్చికట్టెల పొగ తారులా గోడలకు పట్టి, ఒకనాడు భగ్గుమనడం దీనికి అన్నలాంటిది. వేపుళ్లు ఎక్కువగా చేసుకునే మన ఇళ్లలో, దానంతటదే శుభ్రపడుతుందని చెప్పే చిమ్నీలో కూడా గొట్టం మాత్రం దానంతటది శుభ్రపడదు.

అలారం పెట్టుకుంటే సరిపోతుందా

మోనాక్సైడును పసిగట్టే చిన్న అలారాలు దొరుకుతున్నాయి. వంటింట్లో నేలకు దగ్గరగా పెట్టే గ్యాస్ లీకు అలారం ఇది కాదు. అది కాలని గ్యాసును మాత్రమే పట్టుకుంటుంది. రెండూ చూడటానికి ఒకేలా ఉండటం వల్ల ఒకటి కొని రెండో దానికి కూడా రక్షణ ఉందనుకునేవారు చాలామంది. యూరప్ ప్రమాణాల ప్రకారం తయారైన మోనాక్సైడు అలారం 50 పీపీఎం దగ్గర గంట నుంచి గంటన్నర లోపు, 100 దగ్గర పది నుంచి నలభై నిమిషాల లోపు, 300 దాటితే మూడు నిమిషాల లోపు మోగాలి. లోపలి సెన్సరుకు కొన్నేళ్ల ఆయుష్షే ఉంటుంది; ఆవిరి నిండే స్నానాల గదిలో పెడితే అది ఇంకా త్వరగా పాడవుతుంది. దానిని నమ్ముకుని గీజరును లోపలే ఉంచుకోవడాన్ని నేను సమర్థించలేను. డక్టు పక్క గది ఉన్నవారికి, జనరేటరు వాడేవారికి, కొండ మీద బస ఏర్పాటు చేసేవారికి మాత్రం అది నిజంగా అక్కరకొచ్చే వస్తువు.

ఆస్పత్రిలో దారి తప్పే చోటు

స్నానాల గదిలో పడిపోయిన మనిషిని ఆస్పత్రికి తీసుకువెళ్లినప్పుడు కాలు జారిందనో, మూర్ఛ వచ్చిందనో, గుండెపోటనో అనుకోవడం సహజం. ఫిట్స్ లాంటి కదలికలు కూడా ఉండవచ్చు. దక్షిణ భారతంలో తల మీద వేడినీళ్లు పోసుకుంటే వచ్చే మూర్ఛ అనే జబ్బు వేరుగా ఉండటం వల్ల తికమక ఇంకా పెరుగుతుంది. గీజరు వాయువు వల్ల ఇలా పడిపోవడాన్ని మన దేశపు వైద్య పత్రికల్లో గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అన్న పేరుతోనే వర్ణించారు.

వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు ఇక్కడ తప్పు దారి పట్టిస్తుంది. అది కొలిచేది రక్తపు ఎరుపును. మోనాక్సైడు అతుక్కున్న హీమోగ్లోబిను కూడా ఎర్రగానే ఉంటుంది కనుక, మెదడుకు ఆక్సిజను అందక మనిషి స్పృహ తప్పినా తెర మీద 98 అని చూపించవచ్చు. ప్రత్యేకంగా చేసే రక్త పరీక్షలోనే అసలు సంగతి బయటపడుతుంది; ఆ పరీక్ష చేయాలని వైద్యుడికి తోచాలంటే, లోపల గీజరు వెలుగుతోందనో కుంపటి ఉందనో వెంట వచ్చినవారు చెప్పాలి.

మామూలు గాలి పీలుస్తూ ఉంటే రక్తంలోని మోనాక్సైడు సగానికి తగ్గడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజను ఇస్తే గంట, గంటన్నర చాలు. గర్భిణుల విషయంలో కడుపులోని బిడ్డ రక్తం దానిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, తల్లి తేరుకున్నట్టు కనిపించినా చికిత్స ఎక్కువసేపు కొనసాగిస్తారు. కొందరిలో కోలుకుని ఇంటికి వెళ్లిన కొన్ని రోజులకో కొన్ని వారాలకో మతిమరుపు, నడకలో తూలు, స్వభావంలో మార్పు మొదలవుతాయి. అప్పుడు మళ్లీ వైద్యుడి దగ్గరకు వెళ్లినవారు ఆనాటి గీజరు సంగతి ఆయనకు మొదట చెప్పవలసి ఉంటుంది.